పాడికి రెండర్థాలు

మా ఇంట్లో పొద్దున్నే మొదట స్టవ్ వెలిగేది పాల కోసమే. కాఫీ తరవాతి సంగతి. పాలు పొంగు వచ్చేదాకా పక్కనే నిలబడాలని, పొంగాక మంట తగ్గించి ఇంకో రెండు నిమిషాలు ఉంచాలని మా అమ్మ నేర్పింది. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు. పచ్చిపాలు అభిషేకానికి, నాగులచవితి నాడు పుట్టలో పొయ్యడానికి. నోట్లోకి మాత్రం కాచిన పాలే. అంతే, అది మా ఇంటి చట్టం.

ఇవాళ రాయబోయేది అసలు చట్టం గురించి. ఆ చట్టాన్ని పట్టుకుని నేను చేసిన ఒక పని గురించి. ఇన్నేళ్ళుగా మావారికి తప్ప ఎవరికీ చెప్పలేదు.

మేముండేది కృష్ణా డెల్టాలో ఒక చిన్న టౌను. మా అపార్ట్‌మెంటుకి రెండు కిలోమీటర్ల దూరంలోని పల్లె నుంచి ఒకావిడ వాడిక పాలు తెచ్చేది. అందరం పాలక్కా అని పిలిచేవాళ్ళం. నాలుగు గేదెలు, ఒక మోపెడ్, రెండు క్యాన్లు. మా ఇంటికి రోజూ లీటరు. కొలిచాక పైన కొంచెం కొసరు పోసేది. గేదె ఈనితే జున్నుపాలు చిన్న స్టీలు క్యారేజీలో తెచ్చి ఇచ్చేది. డబ్బు తీసుకునేది కాదు. "జున్నుకి డబ్బులేంటమ్మా, దూడ బతికింది చాలు" అనేది. ఈనిన కొత్తలో ఆ గేదె పాలు వాడికల్లో కలిపేది కాదు. మన దేశంలో పాలకి ప్రభుత్వం రాసిన నిర్వచనంలో కూడా అందులో జున్నుపాలు కలిసి ఉండకూడదనే ఉంటుంది. ఆవిడకి ఆ నిర్వచనం తెలీదు, కానీ పాటించేది.

2019 వేసవి. పాల మీద మీగడ సన్నబడింది. ముందు మా అత్తయ్యగారు కనిపెట్టారు. "ఇదివరకు మీగడ చెంచాతో తీస్తే మడత పడేది, ఇప్పుడు జారిపోతోంది" అన్నారు. పెరుగు కూడా గట్టిగా తోడుకోవడం లేదు. అదే వారం మా అపార్ట్‌మెంటు ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపులో యూరియాతో, బట్టల సబ్బుతో పాలు తయారుచేసే వీడియో ఒకటి తిరిగింది. అప్పుడు మా చిన్నాడికి తొమ్మిదేళ్ళు. రోజూ రెండు గ్లాసుల పాలు తాగేవాడు. వీడియో చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పొద్దున్నే లేచి, పత్రికలో వేసిన నంబరుకి ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చాను. పాలక్కతో ఒక్క మాట కూడా అనలేదు. అడిగితే నొచ్చుకుంటుందని అనుకున్నానో, అబద్ధం చెబుతుందనుకున్నానో ఇప్పుడు గుర్తు లేదు.

రెండు వారాలు ఏమీ జరగలేదు. నేనూ మర్చిపోయాను. ఒకరోజు ఆరున్నరకి కింద నుంచి మాటలు వినిపిస్తే దిగి చూశాను. ఆహార భద్రత అధికారి వచ్చారు. మర్యాదస్తుడే. గట్టిగా మాట్లాడలేదు, ఎవరినీ కసరలేదు. పాలు కొంటున్నట్టుగా డబ్బిచ్చి, రసీదు రాసి, క్యాన్‌లో పాలు బాగా కలియబెట్టించి నాలుగు సీసాల్లో పోయించారు. పాలు విరిగిపోకుండా ఒక్కో సీసాలో కొన్ని చుక్కల ఫార్మలిన్ వేశారు. మూతలు బిగించి, కాగితం చుట్టి, దారం కట్టి, లక్కతో సీలు వేశారు. ఇదంతా సాక్షి ఎదుట జరగాలని చట్టం. చుట్టూ చూశారు. వాచ్‌మన్ చదువుకోలేదన్నాడు. అప్పటిదాకా నిలబడ్డ ఇద్దరు మగవాళ్ళు ఆఫీసుకి టైమైందంటూ కదిలిపోయారు.

పాలక్క నన్ను చూసింది. ఆవిడ మొహంలో ఒక్కసారిగా ధైర్యం వచ్చింది. "మీరున్నారు కదమ్మా, మీరు పెట్టండి సంతకం. పదేళ్ళ నుంచి పోస్తున్నాను కదా, మీకు తెలీనిదేముంది" అంది.

పెట్టాను. ఫిర్యాదు చేసిందీ నేనే, సాక్షి సంతకమూ నేనే.

నెల తిరక్కుండా రిపోర్టు వచ్చింది. యూరియా లేదు, సబ్బు లేదు, గంజి పిండి లేదు. వెన్న శాతం బాగానే ఉంది. తక్కువ వచ్చింది ఎస్‌ఎన్‌ఎఫ్. అంటే పాలలో వెన్నా, నీరూ కాకుండా మిగిలేవి: మాంసకృత్తులు, పాల చక్కెర, ఖనిజాలు. గేదెపాలలో ఇవి 9 శాతం ఉండాలి. ఆవిడ పాలలో 8.4 ఉన్నాయి. ఆ తేడాకి చట్టం పెట్టిన పేరు 'నాసిరకం'. విషం అని కాదు, ప్రమాదం అని కాదు. కానీ 2006 ఆహార భద్రతా ప్రమాణాల చట్టంలో నాసిరకానికి ఐదు లక్షల రూపాయల వరకూ జరిమానా వెయ్యచ్చు. పైగా ఆవిడకి రిజిస్ట్రేషన్ లేదు. అప్పట్లో ఏడాదికి పన్నెండు లక్షల లోపు అమ్మకాలున్న చిన్న వ్యాపారికి ఆ రిజిస్ట్రేషన్ రుసుము ఏడాదికి వంద రూపాయలు. పాలన్నీ సహకార సంఘానికే పోసే సభ్యులకి అదీ అక్కర్లేదు. ఇంటింటికీ అమ్మేవాళ్ళకి కావాలి. ఆ సంగతి ఆవిడకి తెలీదు. పదేళ్ళు పాలు పోయించుకున్న మా పది ఇళ్ళలో ఎవరికీ తెలీదు.

ఆ రిపోర్టు పట్టుకుని ఆవిడ నా దగ్గరికే వచ్చింది. ఇంగ్లీషులో ఉంది, చదివి చెప్పమంది. చదివాను. రిపోర్టు తప్పని మీకనిపిస్తే ముప్పై రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చని అందులో ఉంది. ఆవిడ తెచ్చేసరికి నలభై రోజులైంది. మంచి రోజు చూసుకుని వద్దామనుకుందట. అంతేకాదు, శాంపిల్ తీసిన రోజే అడిగి ఉంటే నాలుగో సీసాని తన ఖర్చుతో గుర్తింపు ఉన్న ఇంకో ల్యాబుకి పంపించుకునే హక్కు ఆవిడకి ఉంది. ఆ సంగతి నాకూ తరవాతే తెలిసింది. ఆ నాలుగు సీసాలు ఎందుకో తెలీకుండానే సాక్షి సంతకం పెట్టాను.

కేసు జాయింట్ కలెక్టర్ గారి దగ్గరికి వెళ్ళింది. ఆవిడ మూడుసార్లు జిల్లా కేంద్రానికి తిరిగింది. వెళ్ళిన ప్రతిసారీ సాయంత్రం పూట పాలు తీసేవాళ్ళు లేరు. ఆవిడ చెయ్యి తప్ప వేరే చెయ్యి పడితే పెద్ద గేదె చేపదు. చివరికి పదిహేను వేలు జరిమానా పడింది. నిజానికి చట్టం చూపించిన అంకెతో పోలిస్తే అది చాలా తక్కువ. ఆ అధికారులు కనికరించారనే చెప్పాలి. కానీ ఆవిణ్ణి కుంగదీసింది జరిమానా కాదు. సీసాలకి సీలు వేసిన మర్నాటి నుంచే అపార్ట్‌మెంటులో ఎనిమిది ఇళ్ళు పాలు మానేశాయి. అందులో మాదీ ఒకటి.

ఆవిడ పాలకేంద్రానికి పొయ్యడం మొదలెట్టింది. అక్కడ లీటరుకి మేమిచ్చేదాని కంటే పదిహేను, ఇరవై రూపాయలు తక్కువ పడేది. ఏడాది తిరిగేసరికి నాలుగు గేదెలు రెండయ్యాయి.

మా ఇంట్లోకి ప్యాకెట్ పాలు వచ్చాయి. ప్యాకెట్ మీద అన్నీ రాసి ఉంటాయి. టోన్డ్ పాలైతే వెన్న 3, ఎస్‌ఎన్‌ఎఫ్ 8.5. ఫుల్ క్రీమ్ అయితే 6, 9. రోజూ ఒకే అంకె, ఒకే రుచి. మా అత్తయ్యగారు మాత్రం ఆ పెరుగుని పెరుగు అనలేదు, "తోడుకున్నది" అనేవారు.

నేను డిగ్రీలో తెలుగు చదువుకున్నాను. క్షీరనీర న్యాయం గురించి పరీక్షలో వ్యాసం కూడా రాశాను. పాలనీ నీళ్ళనీ వేరు చేసే హంస గురించి రెండు పేజీలు నింపి మంచి మార్కులు తెచ్చుకున్నాను. ఆ 8.4 చూశాక మాత్రం హంస పని ఎంత కష్టమో తెలిసింది. గేదెపాలలో ఎస్‌ఎన్‌ఎఫ్ తగ్గితే నీళ్ళు కలిపి ఉండచ్చు. నీళ్ళు కలపకపోయినా, మండుటెండల్లో పచ్చిమేత దొరక్క ఉత్త వరిగడ్డి మీద బతికే గేదెకి పాల చిక్కదనం తగ్గచ్చు. పొదుగువాపు వచ్చినా తగ్గుతుంది. పాలు ఎంత చలికి గడ్డకడతాయో చూసి నీళ్ళు పోశారో లేదో పట్టుకునే పరీక్ష ఉంది. కానీ ఆవిడ కాగితంలో ఉన్నది ఎస్‌ఎన్‌ఎఫ్ అంకె ఒక్కటే. 9 ఉందా లేదా అంతే. గేదె ఏం తిందో ఆ అంకెకి తెలీదు.

మన ఇళ్ళలో లాక్టోమీటరు ముంచి చూసే అలవాటు ఉంది కదా, అదీ పూర్తి హంస కాదు. నీళ్ళు పోస్తే అది కిందకి దిగుతుంది. వెన్న తీసేస్తే పైకి లేస్తుంది. రెండూ చేసినవాడి పాలు చక్కగా పాసవుతాయి. దొంగ తెలివైనవాడైతే లాక్టోమీటరు వాడి వైపే ఉంటుంది. పట్టుబడేది ఆ తెలివి లేనివాళ్ళు.

ఆ ఏడాది అక్టోబరులో పత్రికల్లో ఒక వార్త వచ్చింది. ఆహార భద్రతా సంస్థ 2018లో దేశమంతా 1,103 పట్టణాల్లో 6,432 పాల శాంపిళ్ళు తీసి పరీక్షించింది. విడి పాలూ ఉన్నాయి, ప్యాకెట్ పాలూ ఉన్నాయి. నేను ఊహించుకున్న యూరియా, సబ్బు లాంటి కల్తీ ఎన్నిటిలో దొరికిందో తెలుసా? పన్నెండింటిలో. అందులో తొమ్మిది తెలంగాణవే, అది వేరే బాధ. 93 శాతం పాలు తాగడానికి సురక్షితమైనవే. మిగిలిన వాటిలో ఎక్కువగా దొరికింది అఫ్లాటాక్సిన్ ఎం1 అనే విషం, సుమారు 5.7 శాతం శాంపిళ్ళలో. ఇది ఎవరూ కలిపేది కాదు. దాణా బూజు పడితే అందులో పుట్టి, గేదె కడుపులోంచి పాలలోకి వస్తుంది. ఇంకో 1.2 శాతం శాంపిళ్ళలో పశువుకి వేసిన యాంటీబయాటిక్ మందుల అవశేషాలు పరిమితికి మించి ఉన్నాయి. అఫ్లాటాక్సిన్ విడి పాలలో కంటే ప్యాకెట్ పాలలోనే ఎక్కువగా కనిపించిందని ఆ సంస్థే చెప్పింది.

ఆ వార్త చదువుతూ స్టవ్ దగ్గర నిలబడ్డాను. పాలు పొంగుతున్నాయి. మా అమ్మ చట్టం పాల పొంగుతోనే అయిపోతుంది. క్షయ, బ్రుసెల్లా, టైఫాయిడ్ లాంటి రోగాలు తెచ్చే సూక్ష్మజీవులు కాస్తే చస్తాయి. డెయిరీలో 72 డిగ్రీల్లో పదిహేను సెకన్లు ఉంచి చేసే పని, నేను పాలని పొంగించి, ఇంకో రెండు నిమిషాలు ఉంచి చేస్తున్నాను. కానీ బూజు విషం కాస్తే పోదు. మందు అవశేషాలు కూడా కాచినంత మాత్రాన పోయినట్టు కాదు. ప్యాకెట్ మీద ఎన్ని అంకెలు వేసినా, నా స్టవ్ ఎంత మండినా, ఆ రెండూ గేదె కట్టేసిన చోటే ఆగాలి.

మా పెద్ద వదిన, అంటే మావారి అక్కగారు, అమెరికాలో న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటారు. ఒకరోజు ఫోన్‌లో ప్యాకెట్ పెరుగు మీద మా అత్తయ్యగారి వ్యాఖ్యలు చెబుతుంటే ఆవిడ నవ్వి, తన పాల కథ చెప్పారు. న్యూజెర్సీలో పచ్చిపాలు అమ్మడం నిషేధం. డెలావేర్ నది దాటితే పెన్సిల్వేనియా. అక్కడ పర్మిట్ తీసుకున్న రైతు పచ్చిపాలు అమ్ముకోవచ్చు. మందకి క్షయ, బ్రుసెల్లా పరీక్షలు చేయించాలి, పాలని క్రమం తప్పకుండా ల్యాబుకి పంపాలి. ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి పచ్చిపాలు తరలించి అమ్మకూడదని 1987 నుంచి కేంద్ర ప్రభుత్వ నిబంధన. కాబట్టి రైతు వంతెన దాటి రాలేడు, వదిన వంతెన దాటి వెళ్తారు. పండగల ముందు వెళ్ళి రెండు గ్యాలన్లు తెచ్చుకుంటారట, పెరుగు మన ఇంటి పెరుగులా వస్తుందని.

"తెచ్చి ఏం చేస్తారు?" అన్నాను.

"ఏం చేస్తాను, కాస్తాను" అన్నారు. ఆ రైతు భార్యకి ఆ సంగతి తెలిసి నోరు తెరుచుకుని చూసిందట. పచ్చిగా తాగడానికే జనం అంత దూరం వస్తుంటే, వచ్చి తీసుకెళ్ళి కాచే మనిషిని ఆవిడ ఎప్పుడూ చూడలేదు.

అక్కడి తగువు వేరు. పచ్చిపాలు తాగడం మా హక్కు అనేవాళ్ళు ఒకపక్క, తాగి ఆసుపత్రి పాలైన పిల్లల్ని చూపించేవాళ్ళు ఇంకోపక్క. 1908లోనే షికాగో నగరం పాలని వేడిచేసి శుద్ధి చెయ్యాలని నియమం పెట్టింది. ఇంట్లో కాచే అలవాటు లేని చోట ఆ పని చట్టం చెయ్యాల్సి వచ్చింది. 2024లో అక్కడి ఆవులకి బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు కూడా, శుద్ధి చేసిన పాలకి భయం లేదు, పచ్చివి మాత్రం తాగొద్దని ప్రభుత్వం మొత్తుకుంది. మన దగ్గర ఆ తగువు లేదు, అమ్మలు ముందే తీర్చేశారు. ఈమధ్య సిటీల్లో గాజు సీసాల్లో పాలు అమ్మేవాళ్ళు కొందరు "పచ్చిగానే తాగండి, కాస్తే పోషకాలు పోతాయి" అంటున్నారట. దయచేసి వినకండి. సీసా ఎంత అందంగా ఉన్నా కాచండి.

వదిన మాటల్లో నాకు పట్టుకున్నది ఇంకొకటి. అక్కడి పర్మిట్‌లో మంద పరీక్ష కూడా ఉంది. మా పాలక్క కేసులో గేదెల్ని ఎవరూ చూడలేదు. క్యాన్ చూశారు.

క్రితం చలికాలంలో ఒక సాయంత్రం కాలింగ్ బెల్ మోగింది. తలుపు తీస్తే పాలక్క. జుట్టు బాగా నెరిసింది. చేతిలో అదే స్టీలు క్యారేజీ. "చిన్న గేదె ఈనిందమ్మా. బాబుకి జున్నంటే ఇష్టం కదా" అంది. బాబు ఇప్పుడు హాస్టల్లో ఉన్నాడు. ఆవిడకి తెలీదు.

ఆ క్యారేజీ నా చేతిలోకి వచ్చాక ఇక ఆగలేకపోయాను. చెప్పేశాను. ఫోన్ చేసింది నేనేనని.

ఆవిడ కాసేపు ఏమీ అనలేదు. గడప దగ్గరే కూర్చుంది. తరవాత అంది: "ఆ రోజు మాత్రం పొయ్యలేదమ్మా. ముందు పోసిన రోజులున్నాయి, అబద్ధమెందుకు. రెండు గేదెలు వట్టిపోయినప్పుడు వాడికలు తప్పకూడదని చెంబుడు పోసేదాన్ని. ఆ రోజు పొయ్యలేదు." ఇంకాసేపాగి, "నాకొకసారి చెప్తే సరిపోయేది కదమ్మా" అంది.

ఏడ్చి ఉంటే బాగుండేది. తిట్టి ఉంటే ఇంకా బాగుండేది.

మర్నాడు మావారిని తీసుకుని ఆవిడ ఇంటికి వెళ్ళాను. పదేళ్ళు ఆవిడ పాలు తాగాం కానీ ఆ రెండు కిలోమీటర్లూ నేనెప్పుడూ వెళ్ళలేదు. రేకుల పాక, శుభ్రంగా ఊడ్చి ఉంది. రెండు గేదెలు, దూడ. పాక మూల పత్తి చెక్క బస్తా ఒకటి నేల మీదే ఉంది, గోడ చెమ్మ పట్టి. చెయ్యి పెట్టి చూస్తే అడుగున ఆకుపచ్చగా బూజు. "ఇది వేస్తావా?" అన్నాను. "మనం తినం కానీ గేదె తింటుందిలెండి" అంది. పొదుగువాపు వస్తే సూది వేయించాక పాలు ఎన్నాళ్ళు ఆపుతావని అడిగాను. "మూడు పూటలు" అంది. డాక్టరుగారు ఎన్నాళ్ళు ఆపమన్నారంటే, "ఆయన చెప్పలేదు, నేనడగలేదు" అంది.

భయపడాల్సిన పాలు నిజంగా ఎక్కడున్నాయో అప్పుడు తెలిసింది. నేను ఫిర్యాదు చేసింది మీగడ గురించి. మా చిన్నాడికి ముప్పు ఏదైనా ఉండి ఉంటే, అది చెంబుడు నీళ్ళలో కంటే ఈ మూల బస్తాలో ఎక్కువ ఉండేది. నాలుగు సీసాలకి సీలు వేసి, మూడు వాయిదాలు తిప్పి, పదిహేను వేలు కట్టించుకున్న తరవాత కూడా ఆ బస్తా అక్కడే ఉంది. గోడకి ఆనించి, చెమ్మలో.

చట్టం వద్దని నేననను. పిల్లలు తాగే పాలు, అడిగేవాళ్ళు ఉండాల్సిందే. ఆవిడే ఒప్పుకుంది కదా చెంబుడు సంగతి. కానీ ముందు లోపం చూపించి, ఫలానా గడువులోగా సరిదిద్దుకోమని నోటీసు ఇచ్చే వీలు అదే చట్టంలో 32వ సెక్షన్‌గా ఉంది. మొదటిసారి దొరికిన నాలుగు గేదెల ఇంటికి అక్కడి నుంచి మొదలుపెడితే ఎంత బాగుండేది! దాణా ఎత్తు మీద పెట్టుకో, బూజు పడితే పారెయ్యి, సూది వేస్తే ఇన్ని రోజులు పాలు పొయ్యకు, నాలుగు నుంచి ఎనిమిది నెలల లోపు పెయ్యదూడకి బ్రుసెల్లా టీకా వేయించు అని చెప్పే మనిషి ఒకరు ఆ పాకకి వెళ్ళి ఉంటే పాలూ బాగుపడేవి, గేదెలూ మిగిలేవి. ఆ టీకా 2019లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ప్రభుత్వమే వేస్తుంది. ఆవిడ పెయ్యదూడకి వేయించలేదు. ఎవరూ చెప్పలేదు. మనమూ చెప్పలేదు.

తెలుగులో పాడి అంటే పాలిచ్చే పశువు. పాడి అంటే న్యాయం కూడా. "నీకిది పాడి కాదు" అంటారు పెద్దవాళ్ళు. ఇంతకాలం ఈ రెండూ వేరువేరు మాటలనుకున్నాను.

ఇంతకీ ఏం చేశామంటే, మా అమ్మాయి సెలవులకి వచ్చినప్పుడు ఫోన్‌లోనే ఆవిడ రిజిస్ట్రేషన్‌కి దరఖాస్తు పెట్టింది. సర్టిఫికెట్ లామినేషన్ చేయించి ఇస్తే పాకలో దూలానికి కట్టుకుంది. బస్తా పెట్టుకోవడానికి మా స్టోర్ రూములో పడి ఉన్న చెక్క బల్ల ఒకటి పంపించాం. పశువుల డాక్టరుగారిని అడిగి, ఏ మందుకి ఎన్ని రోజులు పాలు ఆపాలో పెద్ద తెలుగు అక్షరాలతో నేనే అట్ట మీద రాసి ఇచ్చాను. బీఏ తెలుగు ఇన్నాళ్ళకి ఒకరికి పనికొచ్చింది అన్నారు మావారు.

మా ఇంటికి మళ్ళీ రోజూ లీటరు పాలు వస్తున్నాయి. అపార్ట్‌మెంటులో ఇంకో ఇద్దరు అడుగుతున్నారు, కానీ రెండు గేదెలకి అన్ని పాలెక్కడివి? లేవని చెప్పేస్తోంది. వాడికలు తప్పకూడదని ఒప్పుకోవడం మానేసింది. నాకు అన్నిటికంటే నచ్చింది ఆ మార్పే.

మొదటి రోజు లాక్టోమీటరు కొని తెచ్చి ఆవిడకి కనపడకుండా కొంగు చాటున పట్టుకుని కిందికి దిగాను. చూసేసింది. నేను సిగ్గుపడి వెనక్కి పెట్టుకుంటుంటే క్యాన్ మూత తీసి ముందుకి జరిపింది.

"ముంచండమ్మా. ముంచాకే పోయించుకోండి. తక్కువుంటే నాకు చెప్పండి, ముందు నాకు చెప్పండి" అంది.

ముంచాను. ఆ తరవాత పైకి తెచ్చి, స్టవ్ మీద పెట్టి, పొంగేదాకా పక్కనే నిలబడ్డాను.